కుక్కకి కాదు

కిలోకి ఇరవై ఆరు వచ్చాయి.
సింకు చుట్టూ పదమూడు కోళ్ళు
ముఖాల్లేకుండా నిలబడ్డట్టు.
గోళ్ళకి కత్తెర ఆనలేదు,
ఆటోనగర్ నుంచి మా ఆయన తెచ్చిన
కటింగ్ ప్లేయర్ పట్టుకున్నాను.
టక్. టక్.
ఒక గోరు ఎగిరి స్టవ్ కింద పడింది.
వెతకలేదు.

మా ఇంట్లో మొదట ఇది వండింది చెన్.
మిషను బిగించడానికొచ్చి
నలభై రోజులు బెజవాడ ఎండలో ఉడికినవాడు.
హోటల్లో చికెన్ మంచూరియా తిని
ఇదే దేశపు కూరని మర్యాదగా అడిగినవాడు.
ఒక ఆదివారం, ప్రార్థనయ్యాక,
మా గుణదల మెట్లెక్కి రొప్పుతూ
ఫోనులో కోడికాలు బొమ్మ చూపించాడు.
నాకు కడుపులో తిప్పింది.
మా పుట్టింట్లో కాళ్ళూ తలకాయా
కొట్లోనే వదిలేసేవాళ్ళం.
ఎవరింటికి పోతాయో
అడగను కూడా అడగలేదు.

బొమ్మ చూసి మా అత్త దీవెనమ్మ
ఏమీ అనలేదు. చెంగు దోపుకుని
తనే బయల్దేరింది,
వెనక సంచీతో నేను.
కొట్లో మస్తాన్ ఆమెను చూడగానే
కవరు కింది నుంచి తీశాడు:
"కుక్కకేగా అమ్మా?"

మాకు కుక్క లేదు.
ఎప్పుడూ లేదు.

పదకొండేళ్ళ కాపురంలో
నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి
వంటింట్లో తచ్చాడే ఆ కాలిన వాసన
పక్కింటిదనుకున్నాను.

"చుట్టమొచ్చాడు" అంది అత్త, నా వైపు చూడకుండా.

మరిగే నీళ్ళలో వేశాడు, తీశాడు,
ఒక్కో కాలూ గుడ్డతో వేళ్ళ సందుల్లో తుడిచాడు.
ఆ తుడవడం చూసి మా అత్త
పీట దగ్గరికి లాక్కుంది.
నూనెలో పడ్డాక మాత్రం పేలుళ్ళే.
నేను మూత అడ్డం పెట్టాను,
చెన్ తలుపు వెనక దాక్కున్నాడు.
వేగాక ఐసు నీళ్ళట.
చేపల మార్కెట్టు నుంచి గడ్డ తెప్పించాం,
రంపపు పొట్టుతో సహా.
తోలు ఉబ్బి ముడతలు పడింది
బట్టలుతికిన నా వేళ్ళలా.

నల్ల సాసు నూడుల్స్ బండి కుర్రాడిచ్చాడు, సగం గ్లాసు.
అనాసపువ్వు బిర్యానీ డబ్బాలోనే ఉంది.
బెల్లం నాకి చూసి సరేనన్నాడు.
ఇంకేదో సారాయి పొయ్యాలని సైగ చేస్తే
అత్త గోడ మీది శిలువ వైపు చూసింది,
ఆ సంగతి అక్కడితో ఆగింది.
గుంటూరు మిరపకాయలు అతను రెండు వేశాడు.
అతను చెయ్యి కడుక్కునేలోపు
ఆమె ఎనిమిది.
కుక్కరు తెస్తే వద్దన్నాడు.
సన్న సెగ. గంటన్నర.
మధ్యలో కరెంటు పోయింది.
ఉన్న ఒక్క విసనకర్ర
వాళ్ళిద్దరి మధ్య చేతులు మారింది.

తినేటప్పుడు చూడాలి.
కీలు దగ్గర కొరకడం, నాలికతో తిప్పడం,
చిన్నెముకని పెదాల మధ్య నుంచి
చప్పుడు లేకుండా వదలడం,
ఇద్దరూ ఒకే బడిలో చదివినట్టు.
నాలుగు పళ్ళే మిగిలిన నోట్లో
తోలు దానంతటదే జారిందట.
అప్పుడు చెప్పింది, అతనికే, తెలుగులోనే:
"పెళ్ళిళ్ళలో మసాలా నూరేవాళ్ళం బాబూ.
కండ పందిట్లోకి, కాళ్ళు మా కొంగులోకి.
నిప్పుల మీద కాల్చి మా అమ్మ ఒలిచేది.
మనిషికొకటి.
నాది మా తమ్ముడికిచ్చి
వాడు వదిలిన ఎముకలు చీకేదాన్ని."
చెన్ తలూపాడు. ఏమర్థమైందో.
తన గిన్నెలో పెద్దది ఏరి
ఆమె పళ్ళెంలో వేశాడు.

ఆ రోజు నేను పప్పేసుకు తిన్నాను.

అతను వెళ్ళి రెండేళ్ళు.
మిషను తిరుగుతోంది, రెండుసార్లు బేరింగు మార్చారట.
అత్త ఇప్పుడు మెట్లు దిగలేదు.
ఇవాళ పొద్దున మస్తాన్ కొడుకు
కవరు కడుతూ అన్నాడు, "కుక్కకా అక్కా?"
"మాకు."
గట్టిగానే అన్నట్టున్నాను,
వెనక ఇద్దరు తల తిప్పారు.
"అయితే కిలో అరవై."

కూర దగ్గరపడింది.
మంచం మీంచి కేక: "మిరపకాయలెన్నేశావే?"
ఎనిమిదన్నాను.
పళ్ళెం పట్టుకెళ్ళి ఆమె పక్కనే కూచున్నాను,
నా పళ్ళెంలోనూ ఒకటి,
వేళ్ళు ముడుచుకుని, నల్లగా, నిగనిగలాడుతూ.
ఎటు నుంచి మొదలెట్టాలో తెలీక చూస్తుంటే
నా చేతిలోది తిప్పి పెట్టింది.
"మడమ కాదే. ముందు చిటికెనవేలు."